బోర్లించిన బకెట్

కిన్నెర విల్లాస్‌లో నిద్రపోతున్న మనిషిని లేపడం అంత తేలిక కాదు. ఖమ్మం నుంచి ముదిగొండ వెళ్ళే రోడ్డు దిగి, అర కిలోమీటరు లోపలికొస్తే కనపడే కాలనీ అది. నలభై అడుగుల రోడ్లు, నూట ముప్పై ప్లాట్లు, కట్టిన ఇళ్ళు మాత్రం ముప్పై నాలుగు. రోడ్ల మీద మనుషుల కంటే నెమళ్ళే ఎక్కువ తిరుగుతాయి. ఖమ్మం బస్టాండు హోరుకి విసిగిపోయినవాళ్ళు ఇక్కడికొచ్చి, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందండీ!" అని మురిసిపోయి ఇల్లు కట్టుకుంటారు. ఆరు నెలలు తిరక్కుండానే మాట్లాడే దిక్కులేక టీవీలో వార్తలు చదివేవాడికి జవాబులు చెప్పుకుంటూ కూర్చుంటారు.

అలాంటి చోట, జూన్ నెలలో ఒకరోజు పొద్దున పదిన్నరకి, జయప్రకాశ్ మంచం మీద ఉలిక్కిపడి లేచాడు.

"చెప్తె సమజ్ కాదా అన్నా నీకు? లోపట మనిషి పండుకున్నడు! మైక్ బంద్ జెయ్!"

కళ్ళు నులుముకుంటూ బాల్కనీలోకి వచ్చాడు. కింద కూరగాయల ఆటో. దాని ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒక అమ్మాయి. ఆటో మైకు అప్పటికే నోరు మూసుకుంది. అమ్మాయి మాత్రం ఇంకా మూసుకోలేదు.

"నైట్ షిఫ్ట్ జేసొచ్చినోని నిద్ర చెడగొడితే ఎంత పాపమో ఎర్కేనా? సొరకాయలు అమ్మనీకి మైక్ గావాల్నా? సొరకాయ మాకు కనవడదా?"

"ఏవండీ," అన్నాడు జయప్రకాశ్.

ఆమె తలెత్తి చూసింది.

"ఆ పడుకున్న మనిషిని నేనే. నన్ను లేపింది ఆటో కాదు, మీరు."

ఆ అమ్మాయి గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇదే సందని ఆటోవాడు బండి తిప్పుకుని పోయాడు.

"అయ్యో, సారీ సార్. మీరు వోయి పండుకోండి."

"ఇంకెక్కడి నిద్రండీ! అది ఆ ఆటో ఎక్కి ముదిగొండ వెళ్ళిపోయింది."

"నవ్వులాట కాదు. నైట్ షిఫ్టోళ్ళు ఆరు గంటలన్న పండుకోకపోతే బీపీ వస్తది. కర్టెన్ ఏస్కొని, కండ్ల మీద తడి తువ్వాల కప్పుకోండి. మా నాయిన గట్లనే పండుకునేటోడు."

జయప్రకాశ్‌కి ఉన్న కాస్త మత్తు కూడా వదిలిపోయింది. అమెరికాలో ఏదో ఊరి ఆసుపత్రి బిల్లులు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఇంట్లోంచే సరిచూసే ఉద్యోగం అతనిది. మంచి జీతం, మంచి కంపెనీ. అయినా కాలనీలో అతన్ని పగలంతా పడుకునే కుర్రాడనే అంటారు. కన్నతండ్రి పిచ్చయ్య అయితే ఎవరడిగినా "మావాడు రాత్రి కాపలా కాస్తున్నాడు" అని చెప్పి తన జోక్‌కి తనే నవ్వుతాడు. నైట్ షిఫ్ట్ అనే మాటని ఇంత మర్యాదగా అతను ఇంతవరకూ ఎవరి నోటా వినలేదు.

"నాది నైట్ షిఫ్టని మీకెలా తెలుసు?"

"మా నాయిన చెప్పిండు. పొద్దుగాల ఆరింటికి మీరు గీ బాల్కనీల నిలవడి చాయ్ తాగుతరు గద. మీ మొకం జూసి, 'గీ పిలగాడు నైట్ షిఫ్ట్ దిగిండు' అన్నడు. ముప్పై రెండేండ్లు గదే మొకం అద్దంల జూసుకున్నడు, ఆయనకు తెల్వదా?"

అని, ఇంక ఒక్క నిమిషం ఉన్నా పాపమే అన్నట్టు, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా రోడ్డు దాటి ఎదురింట్లోకి వెళ్ళిపోయింది.

జయప్రకాశ్ కర్టెన్ వేశాడు. కళ్ళ మీద తడి తువ్వాలు కప్పుకున్నాడు. తువ్వాలు చల్లగా హాయిగానే ఉంది కానీ, దాని కింద కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

ఆమె పేరు రోజారాణి. వాళ్ళ నాన్న ముత్యాలు ఇల్లందులో బొగ్గు బావిలో పనిచేసి రిటైరై, ఏప్రిల్‌లో ఆ ఎదురిల్లు కొన్నాడు. తల్లి అనంతమ్మది భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న పల్లె. రోజారాణి ఖమ్మంలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్, డ్యూటీ మధ్యాహ్నం రెండింటి నుంచి. ఈ సంగతులన్నీ జయప్రకాశ్ వారం రోజుల్లో కనుక్కున్నాడు. పక్కింట్లో ఎవరున్నారో మూడేళ్ళయినా కనుక్కోనివాడు!

అప్పట్నుంచీ రోజూ ఒంటిగంటా పావుకి రెండు పనులు ఒకేసారి జరిగేవి. కింద రోజారాణి స్కూటీ బయటికి తీసేది. పైన జయప్రకాశ్ కాఫీ కప్పుతో బాల్కనీలోకి వచ్చేవాడు. ఎన్ని గంటలు పడుకున్నారని ఆమె కనుబొమలెగరేసి అడిగేది. అతను వేళ్ళు చూపించేవాడు. ఆరైతే తలూపి వెళ్ళిపోయేది. ఐదైతే మూతి ముడిచేది. ఒకరోజు వాన వాసన తగులుతూ ఉంటే ఊరికే నాలుగు వేళ్ళు చూపించాడు. ఆమె స్కూటీకి స్టాండు వేసి మరీ అతని గేటు దగ్గరికొచ్చింది.

"ఎవలు లేపిండ్రు? పేరు చెప్పుండ్రి, నేను మాట్లాడ్త."

"ఎవరూ లేపలేదండీ. నిద్ర పట్టలేదు."

"ఎందుకు?"

చెప్పేవాడే. ఇంతలో టపటపా చినుకులు మొదలయ్యాయి. ఆమె పోర్టికోలోకి పరిగెత్తింది, అతను కిందికి దిగొచ్చాడు. వాన పుణ్యమా అని పావుగంట దొరికింది.

"కాలనీ నచ్చిందా మీకు?" అన్నాడు, ఏం మాట్లాడాలో తోచక.

"నాకు మస్తు నచ్చింది. గాలి, జాగా, గీ నెమళ్ళు. మా నాయినకే దిల్ వడ్తలేదు." ఆమె గొంతు తగ్గింది. "ఇల్లందుల మా కంపెనీ క్వార్టర్ల లైన్ల గోడకు గోడ ఇండ్లు. ఒకలింట్ల తిరగమాతేస్తే నాలుగిండ్లల్ల తుమ్ముతరు. ఈడికొచ్చి మూడు నెలలాయె, మనిషన్నోడు మా గడప తొక్కలే. 'దసరా దాక జూస్త, ఎవలూ రాకపోతే ఇల్లమ్మి ఇల్లందు వోదాం' అంటున్నడు."

జయప్రకాశ్ మనసులోనే నెలలు లెక్కపెట్టుకున్నాడు. దసరాకి ఎంతో దూరం లేదు.

"మరి మీరే ఎవరింటికైనా వెళ్ళొచ్చు కదా?"

"ఎట్ల వోతం? పగటీలి అందరి తలుపులు మూసే ఉంటయ్. మూసిన తలుపు ఎట్ల కొడ్తం?"

ఆమె హాస్యమాడుతోందనుకుని అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. వాన తగ్గింది, స్కూటీ వెళ్ళిపోయింది. ఆ మాటని అక్కడే పట్టుకుని ఉంటే తర్వాత ఇంత గొడవ జరిగేది కాదు. కానీ మనవాడికి అప్పుడు ఆమె జడకి అంటిన చినుకులు తప్ప ఇంకేం కనపడలేదు. ఆ వయసలాంటిది.

ఇక అతని ఇంటి ముందు, అతను నిద్రపోయే గంటల్లో ఏం జరుగుతోందో అతనికి తర్వాతెప్పుడో తెలిసింది. మనం ముందే తెలుసుకుందాం.

ఆగస్టు మొదటి వారంలో ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి జయప్రకాశ్ తల్లి పద్మావతమ్మ పూలు కోయడానికి బయటికొచ్చేసరికి, గేటుకి ఎదురుగా ఒక బకెట్ బోర్లించి ఉంది. ఇళ్ళకి రంగు వేశాక మిగిలే తెల్లటి పెయింటు బకెట్. ఎవరో మర్చిపోయారనుకుని తీసి పెరట్లో పడేసింది. మర్నాడు అదే వేళకి ఇంకో బకెట్. ఖాళీది, బోర్లించినది, సరిగ్గా గేటుకి ఎదురుగా. మూడో రోజు ఇంకోటి.

పద్మావతమ్మకి చెమటలు పట్టాయి. ఖాళీ బిందె ఎదురొస్తేనే ప్రయాణం మానుకునే మనిషి ఆవిడ. పైగా కొడుక్కి పెళ్ళి సంబంధాలు చూస్తోంది. సత్తుపల్లి సంబంధం అప్పుడే తప్పిపోయింది. తల్లాడవాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. రాత్రంతా మేలుకుని ఉండే మొగుడు మాకొద్దని ఆ ఆడపిల్లలు అన్నారు, అంతే సంగతి. పద్మావతమ్మకి మాత్రం అన్నిటికీ కారణం ఆ బకెట్లోనే కనపడింది. పసుపునీళ్ళు చల్లింది. గేటుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. కొడుక్కి చెప్తే నవ్వుతాడని మొగుడికి చెప్పింది. పిచ్చయ్య కాలనీ కమిటీ ప్రెసిడెంటు. ఆయన వీధి మూల మీది సీసీ కెమెరాని గేటు వైపు తిప్పించి చూశాడు. పొద్దున ఏడున్నరకి కొంగు నడుముకి దోపుకుని, అటూ ఇటూ చూసి, బకెట్ బోర్లించి, అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళిపోతున్నది ఎవరయ్యా అంటే ఎదురింటి అనంతమ్మ!

ఆగస్టు పదిహేను వచ్చింది. కాలనీ క్లబ్ హౌస్ దగ్గర జెండా ఎగరేశారు. ముత్యాలు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, భార్యతో కలిసి అందరికంటే ముందు వచ్చి నిలబడ్డాడు. తలుపు కొట్టే పనిలేకుండా మనుషుల్ని కలిసే మొదటి అవకాశం అది. లడ్డూ చేతిలో పెట్టుకుని, కనపడిన ప్రతివాడికీ "నమస్తే సార్, ముత్యాలు, ఇల్లందు" అని చెప్పుకున్నాడు. ఆ ముఖంలో సంతోషం చూసినవాళ్ళెవరూ అటుపైన జరిగింది జరగనిచ్చి ఉండకూడదు.

"ముత్యాలుగారూ, ఒక్కమాట," అన్నాడు పిచ్చయ్య. "మీ ఆవిడ రోజూ మా గేటు ముందు ఏదో పెట్టి వెళ్తున్నారు. అదేంటో కమిటీకి చెప్పాలి."

"గదా సార్, గది..." అంటూ అనంతమ్మ నవ్వుతూ ముందుకొచ్చింది.

ఇన్నాళ్ళు బిగబట్టుకున్నదేమో, పద్మావతమ్మ నోరు జారింది. "నా కొడుకు పెళ్ళి కాకుండా చేతబడి చేస్తావా నువ్వు?"

అనంతమ్మ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ముత్యాలు చేతిలో లడ్డూని బల్ల మీద పెట్టి, భార్య చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాడు.

ఇదంతా జరుగుతున్నప్పుడు మన కథానాయకుడు పైగదిలో కళ్ళ మీద తడి తువ్వాలు కప్పుకుని గుర్రు పెడుతున్నాడు.

ఒంటిగంటా పావుకి కాఫీ కప్పుతో బాల్కనీలోకి వచ్చాడు. కింద రోజారాణి ఉంది. స్కూటీ లేదు. వాళ్ళ గేటుకి ఒక అట్ట కడుతోంది. దాని మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలు: "ఈ ఇల్లు అమ్మబడును."

జయప్రకాశ్ ఆరు వేళ్ళు చూపించాడు. ఆమె చూసి కూడా చూడనట్టు తల తిప్పుకుంది. అతను కాఫీ అక్కడే వదిలేసి మెట్లు దిగి పరిగెత్తాడు.

"దసరా దాకా అన్నారు కదా! ఇంకా రెండు నెలలుంది!"

"మీ అమ్మగారు తొందర జేసిండ్రు." ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జరిగిందంతా చెప్పింది.

"కానీ ఆ బకెట్ ఏంటి?" అన్నాడు జయప్రకాశ్.

"మీ నిద్ర! ఇంకేంది? మా లైన్ల మొగడు నైట్ షిఫ్ట్ దిగొచ్చి పండుకుంటే, ఆడోళ్ళు వాకిట్ల బకెట్ బోర్లిస్తరు. గది జూస్తే పాలోడు పిలవడు, పిల్లలు ఆడరు, సుట్టమొచ్చినా సరే పక్కింట్ల కూసుంటడు. బకెట్ లేకున్నా, పగటీలి మూసిన తలుపు ఎవలం కొట్టం. లోపట ఎవలు పండుకున్నరో ఏమో అని. కూరగాయలోడు మళ్ళ మీ నిద్ర చెడగొడ్తడని మా అమ్మ బకెట్ వెట్టింది. రోజూ పెడ్తది, రోజూ మాయమైతది. మా ఇంట్ల రంగుల బకెట్లన్నీ ఒడిసినయి. ఎనిమిది!"

జయప్రకాశ్‌కి పెరట్లో గోడవారగా ఉన్న తెల్ల బకెట్లు గుర్తొచ్చాయి. ఎంత ఆపుకున్నా ఆగకుండా నవ్వొచ్చేసింది.

"నవ్వుతున్నరా?" రోజారాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గా మాట ఎంత పెద్దదో తెలుసా మీకు? మా అమ్మ పుట్టినూర్ల గదే మాట అని ఒక ముసలామెను ఊర్లకెల్లి ఎల్లగొట్టిండ్రు. మా అమ్మ కండ్లార జూసింది. పొద్దటికెల్లి మంచినీళ్ళు ముడ్తలేదు. రేపు ఇల్లందుకెల్లి ఇల్లు సూడనీకి మనుషులొస్తున్నరు. మీ కాలనీ మీకే ఉండనీ!"

గేటు ధడాలున పడింది.

అతని నవ్వు అప్పుడే చచ్చిపోయింది. ఇంట్లోకి వెళ్ళి తల్లిని కూర్చోబెట్టి అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ పద్మావతమ్మ ముఖం రంగులు మారింది. చివరికి తెల్లగా పాలిపోయింది.

"నీ నిద్ర కోసమా?" అంది చిన్న గొంతుతో.

"నా నిద్ర కోసమే అమ్మా. నువ్వు పెట్టని కాపలా ఆవిడ పెట్టింది."

పిచ్చయ్య మాత్రం తేలిగ్గా దిగిరాలేదు. "తెలీక అన్నాం. అయినా నాలుగు నెలలైంది వాళ్ళొచ్చి, ఒక్కసారన్నా మనింటికొచ్చారా?"

"మన తలుపు ఎప్పుడన్నా తెరిచి ఉందా నాన్నా? మీరెళ్ళారా పోనీ?"

"కొత్తగా వచ్చినవాళ్ళే కదా ముందు రావాలి!"

పద్మావతమ్మ ఇదంతా వినిపించుకోలేదు. పెరట్లోకి వెళ్ళి ఎనిమిది బకెట్లూ తెచ్చి సబ్బుతో కడిగింది. ఒకదాంట్లో ఒకటి పెట్టి కొడుకు చేతికిచ్చింది. గొడుగు తీసుకుని ముందు నడిచింది.

ఎదురింటి తలుపు మూసి ఉంది. గుమ్మం ముందు ఒక ప్లాస్టిక్ నీళ్ళ బకెట్ బోర్లించి ఉంది. పొద్దుటి నుంచి మనసు పాడుచేసుకుని తిరిగిన ముత్యాలు అప్పుడే కాస్త నిద్రలోకి జారుకున్నాడు.

జయప్రకాశ్ తలుపు కొట్టబోయాడు. తల్లి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు. వాళ్ళ పద్ధతి తెలీక నోరు జారాను. తెలిశాక కూడా తలుపు కొడతానా?"

తెచ్చిన బకెట్లలోంచి ఒకటి తీసి, పోర్టికోలో బోర్లించి, దాని మీద కూర్చుంది. జయప్రకాశ్ ఇంకోదాని మీద కూర్చున్నాడు. వాన మొదలైంది. రెండున్నరైంది. మూడైంది. టీ ఇచ్చే దిక్కులేక వెతుక్కుంటూ వచ్చిన పిచ్చయ్య, తన పెళ్ళాం ఇంకొకరి వాకిట్లో బకెట్ మీద కూర్చుని ఉండడం చూసి నోరు తెరిచాడు.

"ఏంటిది పద్మా? నలుగురూ చూస్తే?"

"చూడనివ్వండి. పొద్దున నలుగురి ముందే కదా అన్నాను. మీరు కూర్చుంటే కూర్చోండి, లేదా వెళ్ళండి. గొంతు మాత్రం తగ్గించండి. లోపల మనిషి నిద్రపోతున్నాడు."

కమిటీ ప్రెసిడెంటు అటూ ఇటూ చూశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆ గొంతుతో మాట్లాడింది రెండే సార్లు. పంచె సర్దుకుని మూడో బకెట్ మీద కూర్చున్నాడు. గొడుగేసుకుని వాకింగ్‌కి వచ్చిన సెక్రటరీ భాస్కర్ ఆగి, సంగతి విని, పొద్దున తను కూడా అక్కడే ఉండి నోరు మెదపలేదని గుర్తొచ్చి, నాలుగోదాని మీద కూర్చున్నాడు. అతని భార్య రాజ్యశ్రీ ఐదోదాని మీద. నలుగురు మనుషులు ఒకచోట కూర్చుంటే మాటలు రాకుండా ఉంటాయా? గుసగుసగా మొదలైన కబుర్లు పచ్చళ్ళ దాకా వచ్చాయి. మూడేళ్ళుగా ఒకే వీధిలో ఉంటూ, భాస్కర్‌ది నేలకొండపల్లి అని పిచ్చయ్యకి ఆరోజే తెలిసింది.

వంటింటి కిటికీలో రోజారాణి చాలాసేపట్నుంచి కనపడుతోంది. తలుపు తియ్యమని జయప్రకాశ్ చేతులు జోడించి సైగ చేశాడు. ఆమె వేలు పెదాల మీద పెట్టుకుని, బకెట్ వైపు చూపించి, కదలకుండా నిలబడింది. ముఖంలో కోపం ఇంకా ఉంది. కోపం పక్కనే ఇంకోటేదో కూడా ఉంది, అది చూసి అతనికి ప్రాణం కాస్త కుదుటపడింది.

నాలుగూ నలభైకి ముత్యాలు తలుపు తీశాడు. వాకిట్లో ఐదుగురు మనుషులు, ఐదు బకెట్ల మీద. అందరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.

"ఏంది సార్? ఎంతసేపాయె వచ్చి? తలుపు కొట్టకపోతిరి?"

"బకెట్ ఉంది కదా అన్నయ్యగారూ," అంది పద్మావతమ్మ. "బకెట్ ఉంటే కొట్టకూడదట కదా."

ముత్యాలు బకెట్ వంక చూశాడు, వాళ్ళ వంక చూశాడు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నాలుగు నెలలుగా గుమ్మం ముందు ఒక్క మనిషి కోసం చూసినవాడు.

వెనకాలే అనంతమ్మ వచ్చింది. పద్మావతమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"వదినా, అనకూడని మాట అన్నాను. నా కొడుకు నిద్రని నువ్వు కాపాడితే, నీ నిద్ర నేను చెడగొట్టాను. నన్ను తిట్టు. తిట్టకుండా మాత్రం ఉండకు."

అనంతమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు.

"నన్నంటే అన్నవ్ గని," అంది, "గా మాట ఇంకోపారి ఎవల్నీ అనకు వదినా. పానాలు దీస్తది గా మాట."

"అనను. నా కొడుకు మీద ఒట్టు."

"కొడుకు మీద ఎందుకు, పిలగాన్ని ఇడిసిపెట్టు," అంటూ అనంతమ్మ కళ్ళు తుడుచుకుంది. "రోజా, చాయ్ వెట్టు! లోపటికి రాండ్రి సార్, మోకాళ్ళు పట్టుకపోయినయేమో."

పట్టుకుపోయాయి నిజంగానే. పిచ్చయ్యని భాస్కర్ చెయ్యిచ్చి నడిపించాల్సి వచ్చింది. సోఫాలో కూలబడ్డాక ఆయన గొంతు సవరించుకుని, "కమిటీ తరఫున..." అని మొదలుపెట్టి, భార్య చూపు చూసి, "కాదు లెండి, నా తరఫున. తప్పైంది ముత్యాలుగారూ" అన్నాడు.

ముత్యాలు ఆయన భుజం తట్టి ఫోన్ తీశాడు. అందరూ వింటుండగానే మాట్లాడాడు.

"తమ్మీ, రేపు రాకుండ్రి. ఇల్లు అమ్ముతలేను... ఏమైందంటవా? ఏం గాలే. పక్కింటోళ్ళొచ్చిండ్రు!"

ఆ చివరి మాట ఆయన ఎంత గట్టిగా అన్నాడంటే, ఇల్లందు దాకా ఫోన్ లేకుండానే వినపడి ఉంటుంది.

లోపల చాయ్ గ్లాసుల చప్పుడు, నవ్వులు. బయట వాన వెలిసింది. రోజారాణి కత్తెర పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. జయప్రకాశ్ అప్పటికే అక్కడ అట్టకి కట్టిన తాడుతో కుస్తీ పడుతున్నాడు.

"ఎంత గట్టిగా కట్టారండీ బాబూ!"

"కోపంల కట్టిన."

"రెండు గంటలు వాకిట్లో కూర్చోబెట్టారు. కాస్తన్నా జాలి లేదా?"

"రూల్ రూలే. మా నాయిన నిద్ర ఆయనకు గావాల్నా వద్దా?"

తాడు తెగింది. అట్ట అతని చేతిలోకి వచ్చింది. దాన్ని నాలుగు ముక్కలు చేశాడు. ఇంక చేతులకి పనేం లేదు, నోటికే ఉంది.

"ఆరోజు నిద్ర ఎందుకు పట్టలేదని అడిగారు. వానొచ్చింది, చెప్పలేదు."

"ఇప్పుడు వాన లేదు గద."

"మీ గురించి ఆలోచిస్తుంటే పట్టలేదు. ఇవాళ ఆ అట్ట చూశాక ఇంకెప్పటికీ పట్టదనుకున్నాను. రోజా, నాకు నువ్వంటే ఇష్టం. మీ ఇంటివాళ్ళతో పాటు ఈ కాలనీలో ఉండడం కాదు, నాతో ఉండు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో అతనికే తెలీలేదు. ఆమెకి తెలిసింది. పెదవి కొరుక్కుని కత్తెర తెరుస్తూ మూస్తూ నిలబడింది.

"గీ మాట చెప్పనీకి రెండు నెలలా? మా ల్యాబ్‌ల రిపోర్ట్ సాయంత్రానికే ఇస్తం."

"రిపోర్ట్ ఏమొచ్చిందో చెప్పు మరి."

"పాజిటివే," అంది ఆమె, లోపలికి పరిగెత్తుతూ. సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగింది. "గని మా నాయినకు నువ్వే చెప్పాలె. నేను చెప్ప!"

ఆ రాత్రి అమెరికా ఆసుపత్రి బిల్లులు ఎలా సరిచూశాడో అతనికే తెలియాలి. ఆరింటికి లాగౌట్ చేసి, ముఖం కడుక్కోకుండా, తల్లికి సంగతి చెప్పాడు. పద్మావతమ్మ పాలగిన్నె దించి, "నిన్నే అనుకున్నా" అంది. పిచ్చయ్య పేపర్ పక్కన పెట్టి, "వాళ్ళెవరో, మనమెవరో..." అని నసిగాడు.

"గంటన్నర వాళ్ళ వాకిట్లో కూర్చున్నారు, వాళ్ళ చాయ్ రెండు గ్లాసులు తాగారు, నిన్న రాత్రి భోజనం దగ్గర ముత్యాలుగారంత మంచి మనిషి లేడన్నారు. ఇంకా ఎవరో ఏంటండీ?" అంది పద్మావతమ్మ.

పిచ్చయ్య మళ్ళీ పేపర్ తీసుకున్నాడు. ఆయన ఒప్పుకున్నప్పుడు అలాగే తీసుకుంటాడు.

ఆరూ పావుకి జయప్రకాశ్ రోడ్డు దాటాడు. ముత్యాలు పైపు పట్టుకుని వాకిలి కడుగుతున్నాడు.

"మామా, మీతో ఒక మాట చెప్పాలి." రాత్రంతా తయారుచేసుకున్న మాటలన్నీ ఒక్కసారి మాయమైపోయాయి. "నేను, రోజా... మీరు ఒప్పుకుంటే... పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం."

ముత్యాలు పైపు కింద పెట్టాడు. దగ్గరికొచ్చి అతని ముఖంలోకి తేరిపారా చూశాడు. ఎర్రబడ్డ కళ్ళు, పీక్కుపోయిన చెంపలు, చెదిరిన జుట్టు. కిటికీ వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది.

"ఏమయ్యా, నీకేమన్న సోయి ఉందా?" అన్నాడు ముత్యాలు.

"మామా..."

"నైట్ షిఫ్ట్ దిగి సీదా పెండ్లి మాటకొస్తరా ఎవలన్న? తొమ్మిది గంటలు పనిజేసిన బుర్రతోని గింత పెద్ద మాట మాట్లాడ్తవా? ఇంటికి వో. కడుపు నిండ తిను. పండుకో. సాయంత్రం మీ అమ్మనూ నాయిననూ తీస్కొని రా, కూసొని మాట్లాడుకుందాం."

"అంటే... మీరు కాదనరు కదా?"

ముత్యాలు అతని వీపు మీద చెయ్యేసి గేటు దాకా నడిపించాడు.

"నా బిడ్డ మొగడు నిద్రలేక పాడైపోతే ఎవనికి నష్టం?" అన్నాడు. "జల్దీ పో."